మన గడిలో వాన ఎంత? పెద్ద ఫైలులోంచి ఒక్క విలువ తీయడం

ఈ ఎపిసోడ్‌కు ప్రశ్న ఒక్కటే. మా గాండ్లపెంట సైడు ముంగారులో వాన ఎంత పడింది, మధ్యలో ఎన్ని రోజులు బెట్ట కొట్టింది?

ఈ ప్రశ్నకు వాట్సాప్‌లో పది జవాబులు తిరుగుతుంటాయి. "వందేళ్లలో లేనంత వాన" అని ఒకడు ఫార్వర్డ్ చేస్తాడు, "చుక్క లేదు" అని ఇంకొకడు. ఎవరి మాట నమ్మాలి? ఎవరిదీ నమ్మక్కర్లేదు. భారత వాతావరణ శాఖ, అంటే ఐఎండీ, పుణె ఆఫీసు వెబ్‌సైట్‌లో 1901 నుంచి దేశం మొత్తానికి రోజువారీ వాన లెక్క పెట్టింది. ఏడాదికొక ఫైలు. డబ్బు కట్టే పని లేదు. ఆ ఫైలు తెరిచి, మన చోటు విలువ ఒక్కటి బయటికి తీయడం వస్తే చాలు. ఈరోజు చేసేది అదే.

మా సైడు ఇదెందుకు ముఖ్యమో తెలియని వాళ్ల కోసం ఒక మాట. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాది మొత్తానికి సాధారణ వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు. అందులోనే శెనక్కాయ పండాలి. కదిరి పరిశోధన కేంద్రం వాళ్లు కదిరి-6 అనీ, కదిరి లేపాక్షి అనీ రకాలు తెచ్చింది ఈ నేల కోసమే. అయినా ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు ఇరవై రోజులు వాన లేకపోతే ఏ రకం వేసినా చెట్టు తల వేలాడేస్తుంది. మీ నాన్ననో చిన్నాయననో అడగండి, ఏడాది మొత్తం మీద ఎన్ని మిల్లీమీటర్లని చెప్పరు. ఎన్ని పదునులు పడ్డాయి, బెట్ట ఎప్పుడొచ్చిందని చెప్తారు. లెక్క కట్టాల్సింది దాన్నే. ఆ లెక్కకు రోజువారీ విలువలు కావాలి, అవీ సరిగ్గా మన చోటువి కావాలి.

సరే, ఫైలులోకి పోదాం.

ఐఎండీ దేశం పటం మీద గళ్లు గీసింది, మనం చదరంగం బోర్డు గీసినట్టు. అడ్డంగా, నిలువుగా ప్రతి పావు డిగ్రీకి ఒక బిందువు. దక్షిణాన 6.5 డిగ్రీల అక్షాంశం నుంచి ఉత్తరాన 38.5 వరకు 129 బిందువులు. పడమర 66.5 డిగ్రీల రేఖాంశం నుంచి తూర్పున 100 వరకు 135 బిందువులు. రెండూ గుణిస్తే 17,415. ప్రతి బిందువుకు రోజుకొక సంఖ్య, ఆ రోజు వాన ఎన్ని మిల్లీమీటర్లని. 365 రోజులకు మొత్తం 63,56,475 సంఖ్యలు. అందులో మనకు కావాల్సింది 365. మిగతావన్నీ వేరే ఊళ్లవి.

ఈ లెక్క ఐఎండీ రెండు రకాల ఫైళ్లలో ఇస్తుంది. ఒకటి జీఆర్‌డీ, ఇంకోటి నెట్‌సీడీఎఫ్. ముందు జీఆర్‌డీ చూద్దాం. చాలామంది దీన్ని వదిలేస్తారు, కానీ అసలు సంగతి ఇందులోనే బాగా అర్థమవుతుంది.

జీఆర్‌డీలో పేర్లు లేవు, తేదీలు లేవు, ఏమీ లేవు. ఉత్త సంఖ్యలు, ఒకదాని వెనక ఒకటి. ఒక్కో సంఖ్యకు 4 బైట్లు. మొదటిది జనవరి 1, 6.5 అక్షాంశం, 66.5 రేఖాంశం. రెండోది అదే అక్షాంశం, 66.75. అట్లా తూర్పుకు పోతూ పోతూ 135 అయ్యాక, ఒక మెట్టు ఉత్తరానికి ఎక్కి మళ్లీ పడమర నుంచి మొదలు. వరి మడిలో నాట్లు వేసినట్టు, ఒక సాలు అయిపోతే తర్వాతి సాలు.

గాండ్లపెంట ఎక్కడుంది? అక్షాంశం 14.05, రేఖాంశం 78.32 దగ్గర. దానికి దగ్గరి బిందువు 14.0, 78.25. ఇప్పుడు లెక్క వేయండి. 14.0 లోంచి 6.5 తీసేస్తే 7.5, దాన్ని 0.25తో భాగిస్తే 30. అంటే మనది సున్నా నుంచి లెక్కపెడితే 30వ సాలు. 78.25 లోంచి 66.5 తీస్తే 11.75, భాగిస్తే 47. ఆ సాలులో 47వ మొక్క. 30 సాళ్లకు 135 చొప్పున 4,050, దానికి 47 కలిపితే 4,097. నాలుగు బైట్ల చొప్పున 16,388.

చూశారా? జనవరి 1న మన చోటు వాన ఎంతో ఫైలు మొదటి నుంచి 16,388 బైట్లు దాటాక ఉంది. తర్వాతి రోజుది కావాలంటే దానికి 69,660 కలపండి, ఎందుకంటే ఒక రోజుకు 17,415 సంఖ్యలు, ఇంటూ నాలుగు. పైథాన్‌లో ఫైలు తెరిచి, సీక్ అని ఆ చోటికి దూకి, 4 బైట్లు చదివి, నంపైకి ఇది ఫ్లోట్ 32 అని చెప్తే సంఖ్య వచ్చేస్తుంది. ఫైలు మొత్తం మెమరీలోకి ఎక్కించే పనే లేదు. ఇంట్లో అన్నీ బయట పడేసి వెతకడం ఒక పద్ధతి. పెట్టె ఎక్కడుందో తెలిసి నేరుగా చెయ్యి పెట్టడం ఇంకో పద్ధతి. మన ఫోన్లకు రెండోదే గతి.

కానీ ఇందులో ప్రమాదం కూడా అర్థమయ్యే ఉంటుంది. 47 బదులు 74 అని కొట్టారనుకోండి, ఫైలు ఏమీ అనదు. ఏదో ఒక ఊరి సంఖ్య చక్కగా ఇచ్చేస్తుంది. జూన్ 15 మామూలు ఏడాదిలో 166వ రోజు, లీపు ఏడాదిలో 167వ రోజు. 2020 ఫైలుకు 166 వాడితే జూన్ 14 వాన వస్తుంది. అప్పుడు కూడా ఏమీ అనదు పాపం.

అందుకే నెట్‌సీడీఎఫ్. అమెరికాలో బౌల్డర్ అనే ఊర్లో యూనిడేటా అనే సంస్థ 1980ల చివర్లో తయారుచేసిన ఫైలు రకం ఇది. దీంట్లో సంఖ్యలతో పాటు వాటి చిరునామా కూడా ఫైలులోనే ఉంటుంది. మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. డైమెన్షన్లు, అంటే ఏ దిక్కున ఎన్ని ఉన్నాయో. వేరియబుల్స్, అంటే అసలు సంఖ్యల పెట్టెలు. అట్రిబ్యూట్లు, అంటే ప్రతి పెట్టెకు అంటించిన చీటీలు: యూనిట్ ఏంటి, లెక్క లేని చోట ఏ గుర్తు పెట్టారు, ఇట్లాంటివి. మందుల షాపులో డబ్బా మీద లేబుల్ చదవకుండా మాత్ర మింగుతామా? ఇది కూడా అంతే.

ఫోన్‌లో చేసేవాళ్లు బ్రౌజర్‌లో గూగుల్ కోలాబ్ తెరవండి. బరువంతా వాళ్ల కంప్యూటర్ మోస్తుంది, మీ ఫోన్ కిటికీ మాత్రమే. డేటా ఫైలు గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకోండి.

స్క్రీన్ మీద చూడండి. మొదటి లైను, ఎక్స్‌అరే లైబ్రరీని ఇంపోర్ట్ చేసుకున్నాం. రెండో లైను, ఓపెన్ డేటాసెట్, బ్రాకెట్‌లో ఫైలు పేరు. దాన్ని డీఎస్ అనే పేరులో పెట్టాం. మూడో లైను, డీఎస్‌ను ప్రింట్ చేశాం. ఈ మూడో లైను ఎవరూ ఎగ్గొట్టొద్దు. ఇక్కడే పేర్లు కనిపిస్తాయి. నేను తెరిచిన దాంట్లో రెయిన్‌ఫాల్, టైమ్, లాటిట్యూడ్, లాంగిట్యూడ్ అని అన్నీ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. మీరు చిన్న అక్షరాల్లో అడిగితే అట్లాంటిది లేదని ఎర్రర్ వస్తుంది. వేరే చోటు నుంచి తెచ్చిన ఫైలులో ఈ పేర్లే వేరుగా ఉంటాయి. కాబట్టి నా కోడు కాపీ కొట్టే ముందు మీ ఫైలులో ఏ పేరుందో చూసుకోండి.

ఇంకో సంగతి, ఓపెన్ చేయగానే ఎక్స్‌అరే సంఖ్యలేవీ చదవలేదు. చీటీలు, చిరునామాలు మాత్రమే చదివింది. మనం ఫలానా ముక్క కావాలని అడిగాకే అది వెళ్లి ఆ ముక్క తెస్తుంది. ఇందాక మనం చేత్తో వేసిన 16,388 లెక్క ఇప్పుడు అది లోపల వేసుకుంటుంది.

ఇప్పుడు అడుగుదాం. రెయిన్‌ఫాల్ పెట్టె, చుక్క, సెల్, బ్రాకెట్‌లో లాటిట్యూడ్ 14.05, లాంగిట్యూడ్ 78.32, మెథడ్ నియరెస్ట్. సరిగ్గా ఆ బిందువు లేకపోయినా దగ్గరిది తెమ్మని దానర్థం. తర్వాత ఇంకో సెల్, టైమ్‌కు 2020 జూన్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు స్లైస్. ఇట్లా తేదీలతో అడిగితే రెండు చివర్లూ కలుస్తాయి, లీపు ఏడాది గొడవ లేదు. ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. 122 రావాలి. వస్తేనే ముందుకు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఇప్పుడొస్తుంది.

హడావుడిలో లాటిట్యూడ్‌లో 78.32, లాంగిట్యూడ్‌లో 14.05 అని తారుమారుగా కొట్టారనుకోండి. ఎర్రర్ వస్తుందని కదా అనుకుంటాం? రాదు. నియరెస్ట్ అన్నాం కదా, అది విశ్వాసంగా దగ్గరిది వెతుకుతుంది. 78కి దగ్గరి అక్షాంశం 38.5, అదే చివరిది. 14కి దగ్గరి రేఖాంశం 66.5, అదే మొదటిది. 38.5, 66.5 ఎక్కడో తెలుసా? ఉజ్బెకిస్తాన్‌లో. గాండ్లపెంట వాన అడిగితే అది ఉజ్బెకిస్తాన్ పోయింది. అక్కడ ఐఎండీ లెక్క లేదు కాబట్టి 122 రోజులూ నాన్ అని వస్తుంది, అంటే సంఖ్య కాదని. సరే, నాన్ కనిపిస్తే తెలిసిపోతుంది కదా అంటారా? చూసుకుంటే తెలుస్తుంది. చూసుకోకుండా చుక్క సమ్ కొట్టారనుకోండి, ఎక్స్‌అరే నాన్‌లను వదిలేసి మిగతావి కూడుతుంది. మిగతావి ఏమీ లేవు. జవాబు సున్నా.

ముంగారు మొత్తం సున్నా మిల్లీమీటర్లు! దాన్ని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడితే, "చూడండప్పా, ప్రభుత్వం లెక్కలోనే చుక్క వాన లేదు" అని సాయంత్రానికి కదిరి దాటి ధర్మవరం పోతుంది.

వాన పడలేదు అనేది ఒక మాట, లెక్క లేదు అనేది ఇంకో మాట. రైతుకు ఈ రెండింటి మధ్య తేడా ఒక పంటంత. కోడుకు చెప్పకపోతే తేడా లేదు.

చెప్పడం ఎట్లా? రెండు చిన్న పనులు. సెల్‌లో టాలరెన్స్ 0.2 అని కలపండి. 0.2 డిగ్రీల లోపల బిందువు దొరకకపోతే ఎర్రర్ ఇవ్వమని దానర్థం. అప్పుడు ఉజ్బెకిస్తాన్ పోకుండా అక్కడే ఆగిపోతుంది. రెండోది, సమ్‌లో మిన్ కౌంట్ 122 అని పెట్టండి. 122 రోజుల్లో ఒక్క రోజు లెక్క లేకపోయినా కూడిక నాన్ అని వస్తుంది, సున్నా అని బొంకదు.

జీఆర్‌డీ ఫైలులో అయితే లెక్క లేని చోట మైనస్ 999 అని ఉంటుంది. నెట్‌సీడీఎఫ్‌లో ఆ సంగతి చీటీ మీద రాసి ఉంటుంది కాబట్టి ఎక్స్‌అరే తానే దాన్ని నాన్‌గా మార్చేస్తుంది. జీఆర్‌డీలో చీటీ లేదు, మార్చాల్సింది మీరే. మార్చకపోతే ఒక్క రోజు చాలు, మొత్తం వాన మైనస్‌లోకి పోవడానికి. అది పర్లేదు, మైనస్ వాన చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది, దొరికిపోతుంది. నవ్వు రాని తప్పుతోనే భయం.

బెట్ట లెక్కలో అట్లాంటిదే ఉంది. ఐఎండీ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి పడితేనే వాన రోజు. జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు 92 రోజుల్లో, వాన రోజు కాకుండా వరసగా ఎక్కువ రోజులు ఎప్పుడు నడిచాయో వెతుకుదాం. ఒక లూప్, ఒక కౌంటర్. ఎండు రోజైతే ఒకటి కలుపు, వాన రోజైతే సున్నా చేయి, పెద్దది గుర్తుపెట్టుకో. పదో తరగతి పిల్లలు కూడా రాస్తారు.

ఇప్పుడు మధ్యలో ఒక రోజు నాన్ ఉందనుకోండి. మీరు "2.5 కంటే తక్కువైతే ఎండు రోజు" అని రాస్తే, నాన్ దేనికంటే తక్కువా కాదు, కాబట్టి అది ఎండు రోజు కాదు, బెట్ట అక్కడ తెగిపోతుంది. అదే "2.5 లేదా ఎక్కువైతే వాన రోజు, లేకపోతే ఎండు రోజు" అని రాస్తే, నాన్ దేనికంటే ఎక్కువా కాదు, కాబట్టి అది ఎండు రోజుల్లోకి పోతుంది, బెట్ట ఒక రోజు పెరుగుతుంది. తెలుగులో చెప్తే రెండు వాక్యాలూ ఒకటే. కోడులో ఒకదానికి పన్నెండు రోజులొస్తే ఇంకోదానికి ఇరవై ఐదు రావచ్చు. అందుకే మూడో దారి పెట్టండి. ముందు నాన్ ఉందా అని అడగండి, ఉంటే విడిగా లెక్కపెట్టండి, జవాబుతో పాటు "ఇన్ని రోజుల లెక్క లేదు" అని ప్రింట్ చేయండి. చూసేవాళ్లకు మీ జవాబు మీద నమ్మకం తగ్గదు, పెరుగుతుంది.

తేదీ గురించి కూడా ఒక మాట. ఐఎండీ రోజు అర్ధరాత్రి మొదలవదు. పొద్దున 8:30కి రెయిన్ గేజ్ కొలుస్తారు, అంతకు ముందు 24 గంటల వాన ఆ తేదీ కింద రాస్తారు. జూన్ 14 రాత్రి పది గంటలకు ఉరుములతో కురిసింది జూన్ 15 గడిలో ఉంటుంది. మన దగ్గర వానలు ఎక్కువ సాయంత్రం, రాత్రి పూటే కదా. అందుకే "మా ఇంట్లో రాసుకున్న తేదీకీ దీనికీ కుదరట్లేదు, డేటా తప్పు" అని తొందరపడొద్దు.

ఇంత కష్టపడి తీసిన సంఖ్య ఎవరిది మరి? జాగ్రత్తగా వినండి. అది గాండ్లపెంట రెయిన్ గేజ్ చూపిన సంఖ్య కాదు. దేశంలో మొత్తం 6,955 కేంద్రాల రికార్డులు తీసుకుని, అందులోనూ అన్నీ అన్ని రోజులూ లేవు, చుట్టుపక్కల కేంద్రాల నుంచి అంచనా కట్టి ఆ బిందువుకు ఇచ్చిన విలువ. ఆ బిందువు మన ఊరికి దాదాపు 9 కిలోమీటర్ల దూరం. ఒక్కో గడి ఇటు 27, అటు 27 కిలోమీటర్లు, దగ్గర దగ్గర 750 చదరపు కిలోమీటర్లు. మన గడి ఉత్తరపు అంచు 14.125 దగ్గర పడుతుంది, కదిరి టౌను ఇంచుమించు ఆ గీత మీదే ఉంది. తిమ్మమ్మ మర్రిమాను కూడా ఈ గడిలోనే. కదిరిలో రోడ్డు మునిగేంత కురిసి, మన చేలో దుమ్ము లేచిన రోజులు మీకు తెలుసు, నాకు తెలుసు, గడికి తెలియదు.

కాబట్టి ఈ సంఖ్య ప్రింట్ తీసుకుని పంట బీమా డబ్బు అడగడానికి పోతే పని కాదు. వాతావరణ బీమా అయితే నోటిఫై చేసిన వాతావరణ కేంద్రం రీడింగ్ చూస్తారు, దిగుబడి బీమా అయితే పంట కోత ప్రయోగాలు చూస్తారు. మరి ఇది దేనికి? నలభై ఏళ్ల ఫైళ్లు ఒక లూప్‌లో పెట్టి, ఆగస్టులో పదిహేను రోజులకు మించి బెట్ట ఎన్ని ఏళ్లు వచ్చిందో చూడండి. విత్తనం జూన్ చివర వేస్తే మంచిదా, జూలై మధ్యలోనా అని ఇంట్లో వాదన వచ్చినప్పుడు చూపించడానికి అది పనికొస్తుంది. ఆ వాట్సాప్ "వందేళ్ల రికార్డు"ను పరీక్షించడానికీ పనికొస్తుంది, వందేళ్లూ ఫైళ్లలో ఉన్నాయి కాబట్టి.

టైమ్ అవుతోంది, ఉపగ్రహం ఫైళ్ల గురించి గబగబా చెప్పేస్తా. ఇన్సాట్-3డీఎస్, 2024 ఫిబ్రవరి 17న మన శ్రీహరికోట నుంచే పోయింది. ఆ ఇన్సాట్-3డీ వరస ఉపగ్రహాల డేటా ఇస్రో వాళ్ల మోస్‌డాక్ సైట్‌లో హెచ్‌డీఎఫ్-5 ఫైళ్లుగా దొరుకుతుంది, రిజిస్టర్ చేసుకోవాలి. ఇమేజ్ టీఐఆర్-1 అనే పెట్టె తెరిస్తే 0 నుంచి 1023 వరకు పూర్ణాంకాలు ఉంటాయి. అవి ఉష్ణోగ్రతలు కావు, ఉత్త కౌంట్లు. పక్కనే ఇమేజ్ టీఐఆర్-1 టెంప్ అని ఇంకో పెట్టె ఉంటుంది, అది పట్టిక. కౌంట్ 600 అయితే ఆ పట్టికలో 600వ చోట ఉన్న విలువ చూసుకోవాలి, అదీ కెల్విన్‌లో. నాసా మోడిస్ వాళ్లది ఇంకో పద్ధతి. నేల ఉష్ణోగ్రత పెట్టెలో 15500 అని ఉంటే చీటీ మీది 0.02తో గుణించాలి. 310 కెల్విన్, అంటే 36.85 డిగ్రీల సెల్సియస్. అక్కడ లెక్క లేని చోటికి గుర్తు సున్నా. గుర్తు చూడకుండా గుణిస్తే మన నేల మైనస్ 273 డిగ్రీలకు గడ్డకట్టిపోతుంది, రాయలసీమలో! ఎక్స్‌అరే లాంటివి చీటీ మామూలు పద్ధతిలో రాసి ఉంటే తామే గుణించి ఇస్తాయి. హెచ్5పై మాత్రం ఉన్నది ఉన్నట్టు ఇస్తుంది, గుణించేది మీరే. ఇన్సాట్ పట్టికను రెండూ తమంతట తాము చూసుకోవు.

సరే, ఇంటి పని. మీ ఊరి అక్షాంశం, రేఖాంశం ఫోన్ మ్యాప్‌లో నొక్కి పట్టుకుంటే వస్తాయి. పావు డిగ్రీ లెక్కలో మీ సాలు ఎన్నోదో, మొక్క ఎన్నోదో ముందు కాగితం మీద వేయండి, తర్వాత జీఆర్‌డీ నుంచి జూన్ 15 విలువ ఒకటి తీయండి, అదే విలువ నెట్‌సీడీఎఫ్ నుంచి సెల్‌తో తీయండి. రెండూ ఒకటే రావాలి. రాకపోతే మీ బైటు లెక్క, వచ్చిన సంఖ్య, ఫైలు ఏ ఏడాదిదో, మూడూ కామెంట్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో నలభై ఏళ్ల ఫైళ్లు కలిపి మా గడిలో బెట్ట చార్టు గీద్దాం, కామెంట్లలో వచ్చిన లెక్కలు కూడా అప్పుడే స్క్రీన్ మీద తెరుస్తా.